రమణి నొక్కేసింది

"ఏటి నొక్కీసినావే?"

మిక్సీ ఆగిపోగానే హాల్లోంచి అత్తగారు మహాలక్ష్మమ్మ గొంతు వచ్చింది. రోజారమణి నొక్కిందేమీ లేదు. కొబ్బరి ముక్కలు ఎక్కువై, మోటారు వేడెక్కి ఆగింది. మిక్సీని బోర్లించి అడుగునున్న ఎర్ర బటన్ లోపలికి తోస్తే మళ్లీ తిరుగుతుంది. ఆ సంగతి ఆ ఇంట్లో తెలిసింది ఆమె ఒక్కతెకే. అయినా ప్రశ్న ఆమెకే.

ఆ ఇంట్లో ఏ యంత్రం మొరాయించినా ఇదే మాట. టీవీలో బొమ్మ రాకపోయినా, వాషింగ్ మెషీన్ నీళ్లు వదలకపోయినా, ఇన్వర్టర్ కుయ్యిమన్నా, చివరికి భర్త దొరబాబు తన ఫోన్ తనే గెలుక్కుని అందులో భాష హిందీలోకి మారిపోయినా సరే. దొరబాబు అచ్యుతాపురంలో ఓ కంపెనీలో సూపర్‌వైజరు. అక్కడ మిషను ఆగితే ట్రబుల్ వచ్చిందంటాడు. ఇంట్లో ఆగితే మాత్రం పెళ్లాం నొక్కీసినట్టు. కూతురు చంద్రిక దువ్వాడలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుకునేంతదైంది గానీ, ఆ ఇంట్లో రమణి వేళ్ల మీద ఎవరికీ ఇంకా నమ్మకం పుట్టలేదు.

చట్నీకి తాలింపు పెట్టి, రెండు బాక్సులు కట్టి, అత్తగారి మాత్రలు మంచినీళ్ల పక్కన పెట్టి, ఆరేసిన బట్టలు ఎండ మళ్లకముందే తీయమని చెప్పి, ఆవిడ తీయదని తెలిసి కూడా చెప్పి, పెందుర్తిలో బస్సెక్కేసరికి రమణికి ఒక పూట పని అయిపోతుంది. దాన్ని ఎవరూ పని అనరు. ఆఫీసులో చేసేదాన్ని ఇంట్లోవాళ్లు పని అనరు. కుర్చీలో కూర్చుని, ఫ్యాను కింద, టకటకా కొట్టేదానికి అలుపేమిటని అత్తగారి సందేహం. "కూకుని సేసీ పనే గదేటి" అని దొరబాబు ఎవరింటికెళ్లినా చెబుతాడు, అదేదో తను ఇప్పించిన సుఖమైనట్టు.

ఆఫీసు పోర్టు దగ్గర. ఎగుమతి సరుకులకు కస్టమ్స్ కాగితాలు తయారుచేసి పంపే ఏజెంటు ఆఫీసు. యజమాని శ్రీరామ్మూర్తిగారు కృష్ణాజిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయన. రొయ్యలైనా ఇనుమైనా, సరుకు వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఓడ గడువులోపల పంపడం రమణి పని. అందులో ఒక అంకె తప్పు పడితే కంటైనర్ గేటు దగ్గరే నిలబడిపోతుంది. ఆమె చేతిమీదుగా వెళ్లిన కంటైనర్ ఏదీ అలా నిలబడలేదు. ఈ మాట కూడా ఎవరూ అనలేదు, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమే అనుకుంటుంది.

పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కి కాలం చెల్లిందని, కంప్యూటర్ల బాగోగులు చూసే దేవీప్రసాద్ వచ్చి ఆఫీసు మొత్తానికి కొత్తది ఎక్కించి వెళ్లాడు. మర్నాటి నుంచి రమణి డెస్క్‌టాప్ బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. టైపు చేస్తూ ఉండగా బాణం గుర్తు ఉన్నచోటే ఉండిపోతుంది. కీబోర్డు పలకదు. తెర మూలనుండే గడియారం కూడా కదలదు. పవర్ బటన్ పట్టి ఆర్పేయడం తప్ప దారి లేదు. ఆర్పితే అప్పటిదాకా కొట్టిందంతా గల్లంతు. దేవీప్రసాద్ వచ్చి, ఆమెను లేపి, ఆమె కుర్చీలో కూర్చున్నాడు. పెద్ద ఫైలు తెరిచినప్పుడే ఎక్కువగా ఆగుతోందని ఆమె పక్కన నిలబడి చెబుతూనే ఉంది. అతను తల తిప్పలేదు.

"అదంతా తర్వాత మేడమ్. ముందు ఏటి నొక్కీసినారో సెప్పండి."

రమణికి మొదట నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. ఇంట్లో అత్తగారు, ఇక్కడ ఇతను. మధ్యలో బస్సులో ఉన్నంతసేపే ఆమెను ఎవరూ ఏమీ అడగరు.

అసలు గొడవ రొయ్యల కంటైనర్ రోజున జరిగింది. గడువు దగ్గరపడుతోంది. చివరి పేజీలో ఉండగా తెర బిగుసుకుంది. శ్రీరామ్మూర్తిగారికి సరుకుదారు నుంచి ఫోను వచ్చింది. ఆయన ఆఫీసంతా వినబడేలా సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

"మా తప్పేం లేదండీ. మా రమణి ఏదో నొక్కేసింది, మొత్తం పోయింది. అదే కనుక్కుంటున్నాం."

ఎదురు కుర్చీలో లారీ బ్రోకర్ అబ్బులు టీ తాగుతున్నాడు. దొరబాబుకి వరసకి బావ, పెందుర్తిలో వాళ్ల వెనక వీధే. గ్లాసు నోటి దగ్గర ఆపి రమణి వైపు అదోలా చూశాడు. జాలిపడుతున్నాడనుకుంది ఆమె. తిండి మానేసి మొదటినుంచి మళ్లీ కొట్టి గడువులోపలే పంపించింది. ఆ సంగతి చెప్పడానికి మాత్రం ఎవరూ ఫోను అందుకోలేదు.

ఆ రోజు నుంచి ఆమెకు పంతం పట్టుకుంది. యంత్రం బాగుపడాలని కాదు. తన వేలు కాదని తేలాలి, అంతే. బస్సులో ఫోన్ తెరిచి ఇలాంటి జబ్బులకు ఎవరెవరు ఏమేం చేశారో చదివింది. మౌసు మార్చింది, కీబోర్డు మార్చింది, ప్రింటరు తీగ పీకేసి చూసింది. ఆగడం ఆగలేదు. తప్పనిసరి వాటితో మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో పెట్టి చూస్తే నిక్షేపంగా నడిచింది. అయితే యంత్రం మంచిదే, స్విచ్ వేయగానే దాంతోపాటు లేచే ప్రోగ్రాముల్లో ఏదో దానికి పడటం లేదు. ఆ లేచేవాటిని ఒక్కోటీ ఆపి, ఒక పూట నడిపి, మళ్లీ ఇంకోటి ఆపి, తన పని తను చేసుకుంటూనే కనిపెట్టుకుని ఉంది. ఆఖరికి దొరికింది పాత యాంటీవైరస్. కొత్త సిస్టమ్ తన కాపలా తను తెచ్చుకుంది. డబ్బు కట్టిన గడువు ఇంకా మిగిలుంది కదా అని రమణి కంప్యూటర్లో పాత కాపలాను దేవీప్రసాద్ తీయకుండా వదిలేశాడు. ఒకే గేటుకి ఇద్దరు వాచ్‌మన్లు. ఏ ఫైలొచ్చినా నేను చూస్తానంటే నేను చూస్తానని చెరోవైపూ పట్టుకుంటే ఇక అది కదిలేదెలా? పాతదాన్ని తీసేసింది. ఆ రోజంతా తెర ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. రమణికి ఒళ్లు తేలికైపోయింది, ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది.

దేవీప్రసాద్‌కి ఫోన్ చేసింది. "ఆఁ, నాను అదే అనుకుంతన్నాను మేడమ్" అన్నాడతను. కాసేపటికి శ్రీరామ్మూర్తిగారు ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"ప్రసాద్ సరిచేసేశాడటగా. ఇకనైనా అడక్కుండా ఏదీ నొక్కకమ్మా."

ఆమె నోరు తెరిచేలోపల ఆయన ఫోను మోగింది. పోనీలే, ఇంటికెళ్లి చెప్పుకుందామనుకుంది. ఇన్నేళ్లయినా ఆ ఆశ ఇంకా ఎందుకుందో ఆమెకే తెలియదు.

గుమ్మంలోనే అత్తగారు ఎదురొచ్చింది. "అలిసిపోయొచ్చినావు, సంచీ ఇటియ్యి" అంటూ హ్యాండుబ్యాగు అందుకుని లోపలికి తీసుకుపోయింది. రమణి కాపురానికొచ్చాక అలాంటిది ఎన్నడూ జరగలేదు. దొరబాబు అప్పటికే డ్యూటీ నుంచి వచ్చేసి ఉన్నాడు. టీ తనే పెట్టాడు. పాలు పొంగి స్టవ్వంతా కారిపోయాయి గానీ టీ అయితే ఉంది. కుర్చీ జరిపి, ఫ్యాను పెంచి, "కూకో రమణీ" అన్నాడు. ఆ గొంతులో మెత్తదనం విని రమణి కూర్చుంది. ఎవరో చెప్పేసుంటారు, ఇన్నాళ్లకి ఈయన చెవిన పడిందనుకుంది.

"మీకెవులు సెప్పినారండి?"

"అబ్బులు బావ."

"బావకెలగ తెలుసు? నాను ఇయ్యాలే గదా సరిసేసినాను."

దొరబాబు కళ్లు మెరిశాయి. "సరిసేసీసినావా? ఎవులికీ దొరక్కుండానా?"

"ఎవులికీ దొరకలేదండి. ఆ దేవీప్రసాద్ ఎంత ఎతికినా దొరకలేదు. నాకే దొరికింది." పెళ్లైన కొత్తలోలా ఆమె నవ్వింది. "అదేటంటే, పాత యాంటీవైరసు..."

"అదంతా నాకొద్దు." అతను వంటింటి తలుపు దగ్గరగా వేసి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఎంత?"

"ఏటి ఎంత?"

"మొగుడికాడ దాపరికమేటే? మీ ఓనరు నెత్తీ నోరూ కొట్టుకుంతన్నాడంట గదా, రమణి నొక్కీసింది, మొత్తం పోయిందీ అని. ఎంత నొక్కీసినావు?"

ఆ మాటకి ఇంకో అర్థం ఉందని రమణికి అప్పుడు గుర్తొచ్చింది. నొక్కడం అంటే వేలితో నొక్కడమే కాదు, ఎదుటివాళ్ల సొమ్ము కాజేయడం కూడా. అబ్బులు గ్లాసు ఎందుకు ఆపాడో, అత్తగారు సంచీ ఎందుకు మోసిందో తెలిసింది. అన్నిటికంటే ఈ మెత్తటి గొంతు ఎక్కడినుంచి వచ్చిందో తెలిసింది. కాపురం మొత్తంలో ఆమె ఉద్యోగం గురించి అతను ఆసక్తిగా అడిగిన మొట్టమొదటి ప్రశ్న అది. ఒళ్లు వంచి పనిచేసిన ఏ రోజూ కుర్చీ జరపని మనిషి, దొంగతనం చేసిందనుకోగానే టీ పెట్టి ఇచ్చాడు. ఆమెకు సిగ్గేసింది, తన కోసం కాదు.

"నాను నొక్కీది కీబోర్డు మీద అచ్చరాలండి," అంది. "పోయింది నాను కొట్టిన పేజీలు. ఇంకేటీ పోలేదు."

దొరబాబు ముఖంలో వెలుగు మెల్లగా ఆరిపోయింది. పట్టుకున్న చెయ్యి వదిలేశాడు. నమ్మాడని కాదు. ఇంతేనా అన్నట్టు చూశాడు, ఆ తర్వాత అనుమానంగా చూశాడు.

"మరయితే బావ అబద్దమాడతాడేటి?"

ఈలోగా మహాలక్ష్మమ్మ తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో హ్యాండుబ్యాగు, జిప్పు తెరిచే ఉంది. కోడలి వైపు చూడకుండా కొడుకుతో చెప్పింది.

"ఇందులో ఏటీ లేదురా."

ఆ తర్వాత మాటలన్నీ పరువు గురించే నడిచాయి. వీధిలో నలుగురూ అనుకుంటున్నారని అత్తగారు. బావ ముందు తల ఎక్కడ పెట్టుకోవాలని దొరబాబు. సొమ్ము ఉండుంటే ఆ తల ఉన్నచోటే హాయిగా ఉండేదని రమణికి తెలుసు. సొమ్ము లేదు కాబట్టే ఇప్పుడు పరువు గుర్తొచ్చింది.

"రేపట్నించి ఆఫీసు మానీ," అన్నాడు దొరబాబు. "దొంగదాని మొగుడనిపించుకోలేను నాను."

రమణి అత్తగారి చేతిలోంచి బ్యాగు తీసుకుంది. జిప్పు మూసింది. లేచి నిలబడింది.

"రేపు ఆఫీసుకి ఎల్తాను. ఆ మాట అన్న మా ఓనరు నోటితోనే అందరి ముందూ నిజం సెప్పిస్తాను. ఆ ఉద్యోగం మానను."

"మాన్నంటే? నాను సెప్తంటే..."

"ఆఫీసుకయితే ఎల్తానండి," అంది రమణి. "సాయంత్రం ఈ ఇంటికొచ్చీదీ లేందీ ఇంకా అనుకోలేదు."