తనంతట తానే ఆగే వైఫై

సేల్స్‌మన్ ఎనిమిది కొమ్ములున్న రౌటర్‌ని అద్దాల బల్ల మీద పెట్టి, అదేదో తన కడుపున పుట్టినట్టు మురిసిపోయాడు. నర్సమ్మ దాని వంక సరిగా చూడనైనా లేదు.

"రాత్రి పదకొండింటికి తనంతట తానే ఆగిపోతుందా?" అని అడిగింది.

"ఆగడమా మేడమ్! చచ్చినా ఆగదు. మూడేళ్లు గ్యారంటీ."

"ఆగాలనే కదయ్యా నేను అడుగుతున్నది."

అతను గుడ్లు మిటకరించాడు. ఆగిపోయే వస్తువు కావాలని డబ్బు పట్టుకుని వచ్చిన మనిషిని అతను ఎన్నడూ చూసి ఉండడు. దేవుడు ఇతనికి నోరొక్కటే ఇచ్చి పంపేశాడనుకుంది నర్సమ్మ. పక్కన ఆవిడ తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. ఇంట్లో అతన్ని మేధావి అంటారు. ఆ బిరుదులోని వెటకారం చుట్టాలందరికీ తెలుసు, అతనికి తప్ప.

"నువ్వుండక్కా, షెడ్యూల్ సంగతి నేను మాట్లాడతా" అన్నాడు.

మాట్లాడాడు కూడా, నలభై నిమిషాలు. ఒక రౌటర్‌కి టైమర్ ఉంది గానీ వారమంతా ఒకటే వేళ పెట్టాలట. ఇంకోటి ఆపమంటే దాని దీపాలు మాత్రం ఆర్పుకుని, వైఫై యథాప్రకారం ఇస్తూనే ఉంటుందట. మూడోదానికి పడుకోవడం వచ్చుగానీ తెల్లారి మళ్లీ లేవడం రాదట. నర్సమ్మకు తన వార్డుకు వచ్చే డాక్టర్లలో ఒకరిద్దరు గుర్తొచ్చారు.

"ఇంత తతంగం ఎందుకురా? ప్లగ్ పీకేస్తే పోదూ!"

"ఎవరు పీకుతారు? నువ్వు డ్యూటీలో, బావ లారీ మీద, అమ్మ తొమ్మిదింటికే గురక."

ఆ మాట నిజమే. నర్సమ్మకు నైట్ డ్యూటీలు పడి ఆరు నెలలైంది. పద్నాలుగేళ్ల కూతురికి రాత్రిళ్లు అమ్మమ్మే తోడు. మొన్న క్లాస్ టీచర్ పిలిపించి, మీ అమ్మాయి రెండో పీరియడ్‌లోనే బల్ల మీద తల వాల్చేస్తోంది, ఇలాగైతే ఈ ఏడాది గట్టెక్కదు అని మొహం మీదే చెప్పింది. నర్సమ్మకు తల కొట్టేసినట్టయింది.

కారణం ఆవిడకు ముందే తెలుసు. రాత్రి రెండింటికి వార్డులో ఆవిడకు బ్రేక్. టీ కప్పు పట్టుకుని కూర్చుని, "పడుకున్నావా?" అని మెసేజ్ పెట్టేది. మరుక్షణం జవాబు వచ్చేది, "లేదమ్మా, చదువుకుంటున్నా" అని. ఏ రాత్రి పెట్టినా అంతే. రెండింటి దాకా చదివే పిల్లకు ఆ మార్కులేమిటి? ఎవడో వెధవతో కబుర్లు చెబుతూ కన్నతల్లి చెవిలో పువ్వు పెడుతోందని నర్సమ్మ తేల్చేసుకుంది. ఆ తరవాత పావుగంటసేపు తనే ఆ పిల్లతో నడుం నొప్పి గురించీ, హెడ్ నర్సు ఆగడాల గురించీ చెప్పుకునేది. అది మాత్రం కబుర్ల కింద లెక్కకు రాలేదు.

చివరికి రెండు కొమ్ముల రౌటర్ ఒకటి కొని ఇంటికి తెచ్చారు. మేధావి దాన్ని డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని, ఆపరేషన్ చేస్తున్నంత గంభీరంగా కూర్చున్నాడు. పిల్ల చేతిలో ఉన్నది సిమ్ తీసేసిన పాత ఫోన్. వైఫై ఆగితే అది దేనికీ పనికిరాదు.

"పదకొండు నుంచి అయిదు దాకా బంద్" అని ప్రకటించాడు మేధావి.

కూతురు గుమ్మంలో నిలబడి వింటోంది. "మావయ్యా, రెండింటికి ఒక్క పావుగంట ఉంచవా?" అంది.

"దొరికింది దొంగ!" అన్నాడు మేధావి. ఇన్నాళ్లకు అతని జీవితానికి ఒక అర్థం దొరికినట్టయింది.

నర్సమ్మ ఫోన్ లాక్కుంది. "ఎవడే వాడు? రెండింటికి ఎవడితోనే నీకు పని?"

నర్సమ్మ ఫోనంతా వెతికింది. రాత్రిపూట మెసేజ్‌లన్నీ తనవే. అలారాల్లో మాత్రం ఒకటి ఉంది, ప్రతిరోజూ, ఒంటిగంటా యాభైకి.

"ఇదెందుకు?"

"నీ బ్రేక్ కదా" అంది పిల్ల. "మొదట్లో ఒక రాత్రి నీ వార్డులో ఎవరో తాతగారు పోయారని రాశావు. నేను నిద్రపోయా. పొద్దున చూస్తే పదకొండు మెసేజ్‌లు. ఇంట్లో ఒక్కరూ పలకలేదని చివర్న రాశావు. అందుకని..."

నర్సమ్మ కుర్చీలో కూలబడింది. ఈ మధ్యాహ్నం నుంచీ ఎంతమందిని తెలివితక్కువ వాళ్లని తీసిపారేసిందో తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. పిల్లను లేపింది తను. నిద్ర చెడగొట్టింది తను. దొంగను పట్టడానికి బజారుకు వెళ్లిందీ తనే.

"అక్కా, మరి రెండింటికి ఉంచమంటావా?" అన్నాడు మేధావి, ఈసారి మెల్లగా.

ఉంచమనాలనే ఉంది. ఆ పావుగంట కోసమే ఆవిడ రాత్రంతా నిలబడగలుగుతోంది. అలారం తీసేసి, ఫోన్ పిల్ల చేతిలో పెట్టింది.

"వద్దు. పదకొండింటికే ఆపెయ్."

"మరి నీతో ఎవరు మాట్లాడతారు?" అంది కూతురు.

"నాకేం, వార్డులో ముప్ఫై మంది ఉన్నారు" అంది నర్సమ్మ.

రెండింటికి ఆ ముప్ఫై మందీ నిద్రలో ఉంటారని తల్లికీ తెలుసు, పిల్లకీ తెలుసు.