మన పిల్ల

'మన' అనే మాట ఎవరైనా తియ్యగా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్తాను, విన్నాక మీరే అనండి.

తొంభై ఎనిమిదిలో నందిగామలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ లెక్కలు చదివేదాన్ని. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. నాన్న లేడు. మొదటి ఏడాది ఫీజు మా అన్నయ్య తిరుపతిరావు కట్టాడు. అన్నయ్యది లారీల షెడ్డులో మెకానిక్ పని. రెండో ఏడు తన వల్ల కాదని ముందే చెప్పేశాడు.

"నిన్ను మాన్పించాలని నాకు లేదే జయా. కానీ నా వల్లయ్యేట్టు లేదు," అన్నాడు. ఆ మాట అనడానికి పాపం ఎంత నలిగిపోయాడో నాకు తెలుసు.

అప్పుడే కాలేజీవాళ్ళు కొత్తగా టీచింగ్ అసిస్టెంట్‌షిప్ పెట్టారు. ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతూ డిగ్రీ పిల్లలకి పాఠాలు చెప్పినవాళ్ళకి ఫీజు ఉండదు, చేతిఖర్చుకి కూడా ఇస్తారు. కానీ డిపార్ట్‌మెంటుకి ఒక్కరికే. అది వస్తే చదువు ఉంటుంది, రాకపోతే లేదు. నాకింక వేరే దారి లేదు.

మా హెడ్డు ఉమాకాంతం గారు. పెద్దమనిషి, మాట మెత్తన. ఒకరోజు స్టాఫ్ రూముకి పిలిపించి, "జయమణీ, ఈ ఏడాది ఊరికే క్లాసులు చెప్పి చూపించు. వచ్చే ఏడు సంగతి నేను చూసుకుంటాగా," అన్నారు. అంతలో కాలేజీ సెక్రటరీ గారు లోపలికి వచ్చారు. ఉమాకాంతం గారు ఆయన వైపు తిరిగి, "లెక్కల్లో ఆ అసిస్టెంట్‌షిప్ మన పిల్లకే ఇవ్వాలండి," అన్నారు. సెక్రటరీ గారు నవ్వి తలూపారు. నేనూ నవ్వాను. ఆ గదిలో ఉన్న పిల్లని నేనొక్కదాన్నే మరి.

ఇక చూడండి, గొంతు బొంగురుపోయేలా చెప్పాను. డిగ్రీ పిల్లల్లో సగం మంది తెలుగు మీడియం. లిమిట్ అనగానే బిక్కమొహం వేసేవాళ్ళు.

"అవధి అంటే తెలుసుగా, అదే ఇది. చిల్లకల్లు దాటిన బస్సు నందిగామకి దగ్గరవుతుంది, ఇంకా దగ్గరవుతుంది. చేరిందా లేదా అని అడక్కండి. ఎక్కడికి దగ్గరవుతోందో అదొక్కటే చూడండి," అనేదాన్ని. నవ్వుకుంటూ లెక్క చేసేసేవాళ్ళు. ఆ క్లాసంటే నాకు ప్రాణం.

నా బెంచీలో కూర్చునే అపూర్వని కూడా ఉమాకాంతం గారు నా క్లాసుకి పంపేవారు. చూసి నేర్చుకుంటుందన్నారు. బోర్డుతో మాట్లాడకూడదని, వెనక బెంచీ వాళ్ళని ముందు పలకరించాలని, అన్నీ దానికి నేనే చెప్పాను. స్నేహితురాలు కదా, చెప్పనా?

మధ్యలో జగ్గయ్యపేట కాన్వెంటు నుంచి ఉద్యోగం ఇస్తామని కబురొచ్చింది. వెళ్ళి, చేరనని చెప్పొచ్చాను. "మా చెల్లెల్ని కాలేజీవాళ్ళే చదివిస్తున్నారు," అని అన్నయ్య షెడ్డులో అందరికీ చెప్పుకున్నాడు.

పరీక్షలు దగ్గరపడ్డాక ప్రిన్సిపాల్ గారు మా క్లాసుకి వచ్చారు. "లెక్కల్లో అసిస్టెంట్‌షిప్," అనగానే నేను సగం లేచాను. "అపూర్వకి," అన్నారు. కూర్చోవాలని కూడా తోచలేదు. అందరూ నన్నే చూశారు. తల కొట్టేసినట్టయింది.

నేరుగా స్టాఫ్ రూముకి వెళ్ళాను. అపూర్వ నా వెనకే వచ్చింది.

"సార్, నాకిస్తామన్నారు కదండి."

"నీకని ఎప్పుడన్నానమ్మా?" ఉమాకాంతం గారి గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"మన పిల్లకే అన్నారండి. సెక్రటరీ గారితో, నా ఎదుటే."

"అన్నాను. అపూర్వ మా చెల్లెలి కూతురు. సెక్రటరీ గారికీ దగ్గర చుట్టమే. మన పిల్లేగా మరి."

'మా' అంటే వినేవాళ్ళు అందులో లేనట్టు, 'మన' అంటే ఉన్నట్టు అని బళ్ళో తెలుగు మాస్టారు చెప్పారు. నేనూ విన్నాను కదా అనుకున్నాను. ఆ మాట నాతో అనలేదని తట్టనే లేదు.

అపూర్వ వైపు తిరిగాను. "నీకు తెలుసా?"

"అది పెట్టినప్పుడే నాకని చెప్పారే మావయ్య. ఎవరితో అనొద్దన్నారు," అంది తలొంచుకుని.

మావయ్యట. ఏడాదంతా నా పక్కన కూర్చుని ఆయన్ని సార్ అని పిలిచింది. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. ఇద్దరూ కలిసి కోశారు.

"చిన్నబుచ్చుకోకమ్మా. అపూర్వకి ఇంకా అలవాటు కాలేదు. వచ్చే ఏడు కూడా నువ్వే కాస్త క్లాసులు చూసిపెట్టు," అన్నారాయన.

"ఫీజు కట్టలేను. వచ్చే ఏడు నేనుండనండి."

"అలాగా, అయ్యో." అంతలో గంట కొట్టారు. "సరే, ఇవాళ్టికి వెళ్ళు. మన క్లాసే కదా."

"మీ క్లాసండి," అన్నాను. చాక్‌పీసుల డబ్బా ఆయన బల్ల మీద పెట్టాను. నేను వస్తున్నానని పిల్లలు తలుపు దగ్గర సర్దుకుని నిలబడ్డారు. వాళ్ళ మొహం చూడలేక వరండా చివరిదాకా నడిచి వెళ్ళిపోయాను.

బస్సులో ఏడుపు రాలేదు. ఇంటికి వచ్చేసరికి అన్నయ్య చేతులకి గ్రీజుతో గుమ్మంలోనే ఉన్నాడు.

"ఏమైంది జయా, మన పని?"

జరిగింది చెప్పాను. అన్నయ్య ఎవరినీ తిట్టలేదు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"రేపు మనిద్దరం కాన్వెంటుకి వెళ్దాం. ఇంకా ఖాళీ ఉందేమో అడుగుదాం," అన్నాడు.

అప్పుడు ఏడ్చాను.