పోయొస్త

మా ఆయన కిషోర్ గడప దాటేటప్పుడు "పోతున్న" అని ఒక్కనాడూ అనలేదు. "పోయొస్త" అనేవాడు. వాళ్ల నాయన సారంగపాణి ఓరోజు కోపంలో "పోతున్న" అని బొగ్గు బాయిలోకి దిగి, పైకప్పు కూలి మళ్లీ రాలేదు. అప్పటినుంచి ఇల్లెందులోని మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. అత్త సమ్మక్క చెవిన పడితే చీపురు తిరగేస్తుంది.

అలాంటి మనిషి, బంగారు గనిలో పనికని పోయిన మాలి దేశం నుంచి పంపిన వాయిస్ మెసేజ్‌లో ఇలా అన్నాడు: "సరితా, నేను మంచిగున్న. వేరే క్యాంపుల పెట్టిన్రు. ఎవ్వరికీ చెప్పకు. పోతున్న."

గొంతు ఆయనదే. ఆ చివరి మాట మాత్రం ఆయనది కాదు.

అంతకుముందు వారమే అక్కడ బంగారు గని కార్మికుల బస్సు మీద జిహాదీ మూక దాడి చేసింది. సంతలో కూరగాయలమ్మే ఆడవాళ్లను కాల్చారు. నమాజు చేసుకుని బండెక్కిన డ్రైవరునూ వదల్లేదు. ఏ దేవుడు చెప్పాడో ఆ పాపిష్టోళ్లకు! బస్సులోని మనవాళ్లను ఎత్తుకుపోయారని టీవీలో వచ్చింది, పేర్లు మాత్రం రాలేదు. ఆ రోజు నుంచే కిషోర్ ఫోన్ కలవడం లేదు.

ఆ వాయిస్ తెచ్చింది ఖమ్మం ఏజెంటు మురళీకృష్ణ. కిషోర్‌ను అక్కడికి పంపిందీ ఆయనే.

"మీ ఆయన ఆ బస్సే ఎక్కలేదు చెల్లెమ్మా. కంపెనీ ఫోన్లోంచి నాకు పంపాడు. మీరు టీవీల వాళ్ల దగ్గరికీ కలెక్టరాఫీసుకీ వెళ్తే అతనికే ప్రమాదం."

ఆయన బ్యాగులో ఇంకో పదిమంది కుర్రాళ్ల పాస్‌పోర్టులున్నాయి. నేను చూశాను. సంగతి బయటపడితే వాళ్లెవరూ అక్కడికి పోరు.

"నా కొడుకు బతికుండు! నీ కడుపు సల్లగుండ సారూ!" అంటూ అత్త చాయ్ పెట్టింది. ఆ గ్లాసు లాగేసుకోవాలనిపించింది నాకు. పాత వాయిస్‌లు ఉంటే చాలు, ఎవరి గొంతైనా ఫోన్లో తయారు చేస్తున్నారని సెల్ షాపు నాగలత చెప్పింది. కిషోర్ ఈయనకు ఎన్ని వాయిస్‌లు పంపి ఉంటాడో! కానీ అనుమానపడితే మొగుడికి కీడు కోరినట్టే కదా. ఆ వాయిస్ నిజమే కావాలని లోపల్లోపల ఎంత మొక్కుకున్నానో.

ఏమీ ఎరగనట్టు అడిగాను.

"అన్నా, ఎప్పుడు మాట్లాడినా చెల్లె సాహిత్యను అడుగుతడు. ఈసారి అడగలేదేంది? చివరికి పోయొస్త అని కూడ అనలే. గా రెండు మాటలు చెప్పమను, ఇగ నోరెత్తను."

అత్త నా వైపు వింతగా చూసింది. గట్టిగా ఆమె చెయ్యి నొక్కాను.

మర్నాడు మురళీకృష్ణ నవ్వుతూ కారు దిగాడు. ఫోన్ నా చేతిలో పెట్టి వాయిస్ వినిపించాడు.

"సరితా, చెల్లె సాహిత్య మంచిగున్నదా? అమ్మను పైలంగ చూసుకో. పోయొస్త."

పోయొస్త. కొంచెం సాగదీసి, అచ్చం మా గడపలో నిలబడి అన్నట్టే ఉంది. ఆ ఒక్క మాట కోసం ఎన్ని దేవుళ్లకు మొక్కానో. విన్నాక ఏడుపు కూడా రాలేదు నాకు.

"ఇప్పుడు నమ్మకం కుదిరిందా చెల్లెమ్మా?"

అత్త ముందుకొచ్చి అడిగింది.

"సాహిత్య ఎవ్వలు సారూ? నా కడుపున పుట్టింది వాడొక్కడే."

మురళీకృష్ణ మొహం మాడిపోయింది. ఫోన్ కోసం చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. కొంగులో ముడేసుకుని, చెప్పులేసుకున్నాను.

"కలెక్టరాఫీసుకు అత్తా," అన్నాను గడప మీద నిలబడి. "పోయొస్త."