గోడ బయటి నాజే

మా అమ్మ మెయాన్‌ను ముప్పై ఏళ్ళపాటు "యూదుదాని కూతురు" అని పిలిచిన నోరు, ఆ గురువారం పొద్దున మా గడపలో నిలబడి "మేనత్తా" అంది. ఆ నోరు తహసీన్ బావది. చేతిలో దానిమ్మపళ్ళ బుట్ట. వాడు మా ఇంటికి ఒక్క పండు తేవడం నేను పుట్టి ఎరగను. నాకు ఒళ్ళు మండిపోయింది.

"దారి తప్పొచ్చావా బావా?" అన్నాను.

"నీ నోటి దురుసు తగ్గలేదే బెర్ఫీన్," అని నవ్వాడు సిగ్గులేని మనిషి.

వాడెందుకొచ్చాడో నాకు తెలుసు. కుర్దులూ యూదులూ ఒకప్పుడు ఒకే తల్లి బిడ్డలా, కనీసం దగ్గరి చుట్టాలా అని ఆరా తీయడానికి విదేశం నుంచి ఒక పరిశోధకురాలు మా కుర్దుల ఊరు అమేదీకి వచ్చింది. గొట్టంలో ఉమ్మితే తాతముత్తాతల జాడ తెలుస్తుందట. వంశంలో యూదు ఆడమనిషి ఉన్న ఇళ్ళు చూపించమని అడుగుతోంది. రుజువైతే ఐరోపా వెళ్ళే దారి దొరుకుతుందని బజారులో ఎవడో పుకారు పుట్టించాడు. ఇంకేముంది, నిన్నటిదాకా యూదు అనే మాటను తిట్టుగా వాడిన మగాళ్ళందరికీ తలా ఒక యూదు నాయనమ్మ పుట్టుకొచ్చింది.

మా అమ్మమ్మ నాజే మాత్రం నిజంగానే యూదుల పిల్ల. ఊళ్ళోని యూదులంతా లారీలెక్కి దేశం వదిలి వెళ్ళిపోయిన ఏడాది, తాత మీద మనసుపడి ఆమె ఉండిపోయింది. కలిమా చదివి ముస్లిమైంది, నమాజు చేసింది, ఉపవాసాలుంది. తాతకు అప్పటికే ఒక భార్య. ఆ పెద్దామె మనవడే తహసీన్. నాజే రక్తం వాడి ఒంట్లో చుక్క కూడా లేదు. కానీ మా వాళ్ళ లెక్కలో ఇంటికంతటికీ ఒకటే రక్తం. మేనత్త ఉమ్మితే తను ఉమ్మినట్టేనని వాడి నమ్మకం.

"నువ్వొచ్చి ఆ పరిశోధకురాలికి ఒక్క మాట చెప్పత్తా, నాజే మా అందరికీ నాయనమ్మేనని," అన్నాడు. "చెప్పావనుకో, ఖబరస్తాన్ గోడ జరిపిస్తా. ఆమె సమాధిని లోపలికి తెస్తా."

పిండి కలుపుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. నాజే యూదురాలని ఆమెను గోడ బయట పాతిపెట్టించింది వీడి తండ్రే. ఖబరస్తాన్ మీద పెత్తనం ఇప్పటికీ వాళ్ళ ఇంటిదే. ఆ గోడ జరగడం చూసి చావాలన్నది తప్ప అమ్మకు వేరే కోరిక లేదు. అది తెలిసే వచ్చాడు వెధవ.

"వస్తాను పద," అంది అమ్మ. నేను పళ్ళు నూరుకుంటూ వెనకాలే నడిచాను.

తహసీన్ ఇంటి పెద్దగదిలో ఊరి పెద్దలంతా టీ గ్లాసులతో కూర్చున్నారు. పరిశోధకురాలు వచ్చీరాని మా భాషలో అమ్మకు నమస్కారం పెట్టింది. తహసీన్ అందుకున్నాడు.

"మా నాయనమ్మంటే మాకు ప్రాణమండీ. మా నాన్న ఆమెని కన్నతల్లిలా చూసుకున్నాడు. చెప్పత్తా."

"కన్నతల్లిలా," అంది అమ్మ. గొంతు పెంచలేదు. "ఆమె పాడెని గోడ బయటికి తిప్పుతుంటే నేను తలగుడ్డ తీసి మీ నాన్న కాళ్ళ ముందు పడేశాను, గుర్తుందా? నీకెక్కడ గుర్తుంటుంది, చంటివాడివి. ఇక్కడున్న పెద్దోళ్ళని అడుగు."

పెద్దలు తలలు వంచుకున్నారు. మా కొండల్లో ఆడది తలగుడ్డ నేలమీద పడేస్తే కత్తి దూసినవాడు కూడా ఆగిపోతాడు. దాన్ని దాటడమంటే ఆమెను మనిషిగా లెక్కచెయ్యకపోవడమే.

"మీ నాన్న దాటాడు. యూదుదాని కూతురి గుడ్డ కూడా ఒక గుడ్డేనా అన్నాడు. మీదీ మాదీ ఒక రక్తం కాదని ఆ రోజే తేల్చేశాడు. ఈవిడ గొట్టాల అవసరం కూడా లేకపోయింది."

"అత్తా, గోడ సంగతి మర్చిపోయావా?" అన్నాడు తహసీన్ పళ్ళ సందున.

అమ్మ వాడి వైపు చూడలేదు. గొట్టం అడిగి తీసుకుంది, ఉమ్మింది, మూత బిగించి ఇచ్చింది.

"పేరు?" అంది పరిశోధకురాలు.

"మెయాన్."

"తండ్రి పేరు?"

"అది రాయకు. నాజే కూతురు మెయాన్ అని రాసుకో."

"ఇక్కడ అందరూ తండ్రి పేరే చెప్తున్నారు."

"తండ్రి పేరు రాస్తే దాన్ని పట్టుకుని వీడు కూడా నాజే వంశంలోకి ఎక్కేస్తాడమ్మా."

ఎవరో కిసుక్కుమన్నారు. తహసీన్ మొహం కందగడ్డలా అయింది.

"అయితే ఆ గోడ అక్కడే ఉంటుంది. నువ్వు చచ్చినా జరగదు," అన్నాడు.

"ఉండనీ," అని అమ్మ లేచింది.

దారంతా నేను ఆగలేదు. వాణ్ణీ, వాడి తండ్రినీ, తలలు వంచుకుని టీ తాగిన ఆ పెద్దమనుషులనీ పేరు పేరునా తిట్టాను. గునపం తెచ్చి ఆ గోడ ఇప్పుడే కూలగొడతానన్నాను.

"ఎందుకే అంత శ్రమ?" అంది అమ్మ. "బయట చోటు బోలెడుంది. మా అమ్మ పక్కన నేను పడుకుంటాను. నా పక్కన నువ్వు."