ఊపిరి ఆగే చోటు

కర్ర వేళ్ళ కణుపుల మీద పడేసరికి దర్జీ కూతురు టక్కున నోరు మూసుకుంది. మసీదు పక్కగదిలో చాపల మీద కూర్చున్న పిల్లలంతా పొడవాటి ఖురాన్ వాక్యం నడుమ ఒకచోట ఆగి, గాలి పీల్చుకుని, మళ్ళీ అందుకున్నారు. ఆ పిల్ల ఆగకుండా ఒక్క గుక్కలో చివరిదాకా చదివేసింది. అదీ ఆమె చేసిన నేరం.

"ఎక్కడికే ఆ పరుగు? నేనెలా చెబితే అలాగే చెప్పు," అన్నాడు ఉస్తాదు. "మన చదువు ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి, అలా వచ్చింది. మా ఉస్తాదు దగ్గర విన్నదే మీకిస్తున్నా. మార్చడానికి నువ్వెవరు?"

మాట నిజమే. కాకపోతే వాళ్ళ ఉస్తాదు అక్కడ ఎన్నడూ ఆగలేదు. ఈయనా వయసులో ఉన్నప్పుడు ఆగేవాడు కాదు. ఊపిరితిత్తులు మొరాయించడం మొదలయ్యాక అక్కడికొచ్చేసరికి గాలి చాలడం లేదు. మెడ నరాలు తేలతాయి, ఎముకల గూడులాంటి ఛాతీ ఎగసిపడుతుంది, సన్నగా ఈల వినిపిస్తుంది. ఆ ఈలకే పిల్లలు చాటుగా 'కొలిమితిత్తి' అని పేరు పెట్టారు. అక్కడ ఆగితే దైవవాక్యం సగంలో తెగిపోతుంది. తెంపుతున్నానని పాపం ఆయనకే తెలియదు. చెప్పే ధైర్యం పిల్లలకు లేదు. ఆయన చేతిలో సైకిల్ ట్యూబు చుట్టిన కర్ర ఉంది మరి.

ఆ మధ్యాహ్నమే పరీక్ష. ఈసారి పిల్లలు తప్పు చదివితే కొత్తవాణ్ణి తెస్తామని మసీదు కమిటీ పెద్ద ముందే చెప్పేశాడు. ఉస్తాదుకు భార్య పోయింది, పిల్లలు లేరు. తరగతి వెనకున్న ఇరుకుగదే ఇల్లు. అది పోతే వీధే గతి. అందుకే గడ్డం దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని, పిల్లల చేత పదేపదే వల్లె వేయించాడు. ఈసారి దర్జీ కూతురు కూడా బుద్ధిగా అందరితోపాటు ఆగింది.

పరీక్షకు వచ్చిన పండితుడు కళ్ళు మూసుకుని విన్నాడు. పిల్లలు అక్షరం పొల్లుపోకుండా చదివారు. ఆ చోటు రాగానే అందరూ ఆగి, ఈలతో సహా గాలి పీల్చుకున్నారు. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఎందుకాగారు?"

"ఇక్కడ ఆగాలండీ."

"ఎవరు చెప్పారు?"

చేతులన్నీ ఒక్కసారి ఉస్తాదు వైపు లేచాయి.

"నేనా? నేనెప్పుడు చెప్పానురా?" అన్నాడాయన తెల్లబోయి.

"మీరొకసారి చదవండి, వింటాను," అన్నాడు పండితుడు.

ఉస్తాదు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఆ చోటు దగ్గర గాలి అయిపోయింది. ఆగాడు. అలవాటు కొద్దీ గదిలోని పిల్లలంతా ఆయనతోపాటు ఈల వేస్తూ ఊపిరి పీల్చారు. అప్పుడు, మొదటిసారి, ఆయనకు వినబడింది. దర్జీ కూతురి చేతివైపు చూశాడు. కణుపులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆమె ఆయనవైపు చూడలేదు. వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు, దాంతో గదంతా గొల్లుమంది. పండితుడు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

"పెద్దవారయ్యారు, ఇక విశ్రాంతి తీసుకోండి," అన్నాడు కమిటీ పెద్ద, మంచినీళ్ళు అడిగినంత తేలిగ్గా. "కొత్తాయన రేపే వస్తున్నాడు. వెనకగది ఆయనకివ్వాలి కదా, కాస్త చూసుకోండి మరి."

ఉస్తాదుకు తల కొట్టేసినట్టయింది. కర్ర గోడకు ఆనించి లోపలికి వెళ్ళాడు. కిటికీ అవతల వీధిలో పిల్లలు ఈలలు వేస్తూ ఆడుకుంటున్నారు. మూటగట్టడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు జతల బట్టలు, దుప్పటి, మందుసీసా. పొద్దువాలుతుంటే మంచం మీద కూర్చుని ఆ వాక్యమే మళ్ళీ ఎత్తుకున్నాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆపకుండా చదివితే చాలనుకున్నాడు.

గోడకవతల కాళ్ళు కడుక్కుంటున్న, నమాజుకు పిలుపిచ్చే ముఅజ్జిన్‌కు ఆ చదువు వినబడింది. ఆ చోటు దగ్గర ఆగింది. మిగతా ముక్క కోసం కాసేపు చూశాడు. 'ఎప్పుడూ ఆగేదే కదా,' అనుకుని అజాన్ ఇవ్వడానికి వెళ్ళిపోయాడు. మిగతా ముక్క రాలేదు.

మర్నాడు ఉస్తాదును మోసుకుని జనాజా కదిలింది, గది కడిగారు, తడి ఆరకముందే కొత్త ఉస్తాదు చాపలు పరిపించాడు. "ఎక్కడిదాకా వచ్చారో చదవండి," అన్నాడు.

పిల్లలు అందుకున్నారు. ఆ చోటు రాగానే ఆగి, ఈలతో గాలి పీల్చుకున్నారు. అందరికంటే గట్టిగా పీల్చింది దర్జీ కూతురే. ఈల సంగతి కమిటీ పెద్ద ముందే చెప్పడంతో, చచ్చినవాణ్ణి వెక్కిరిస్తోందనుకున్నాడు కొత్తాయన.

"చెయ్యి చాపు," అన్నాడు.

గోడకు ఆనించిన కర్ర అందుకున్నాడు. సైకిల్ ట్యూబు మీద పాత బొటనవేలు అరగదీసిన గుంట ఉంది. కొత్త బొటనవేలు అందులో చక్కగా కుదిరింది.