సగంలో ఆపిన కథ

సంచి అడుగున రెండు పంచెలు, వాటి మీద దుప్పటి, దాని మీద ఫ్లానల్ గుడ్డ చుట్ట. ఆ గుడ్డకు అంటించి కథ చెప్పే కాగితపు బొమ్మలను ప్లాస్టిక్ కవరులో చుట్టి, పురికొసతో గట్టిగా కట్టి మధ్యలో పెట్టాను. ఊరగాయ సీసా పెట్టబోతుంటే నా మనుమడు రాజారత్నం చెయ్యి పట్టుకున్నాడు.

"అవ్వా, నేను పోయేది సత్యవేడు పక్కకి. సింగపూరుకు కాదు."

"సింగపూరుకైతే ఓడన్నా ఉంటాది. ఆ పల్లెకు ఏరు దాటాలంట గదా?"

"మోకాలి లోతు కూడా ఉండదు. బర్రెలు దాటతాయి."

"బర్రెలకు ఈత వచ్చు. నీకు రాదు."

వాడు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. నా భర్త కోలారు గనులకు వెళ్ళిన రోజు సంచి సర్దింది నేనే. వీడి తల్లిని కాన్పుకు ఆస్పత్రికి పంపిన రోజు కూడా నేనే. ఇద్దరి సంచులూ ఎవరో తెచ్చి ఇచ్చారు.

రాజారత్నం తిరుపతిలో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్నాడు. శని, ఆదివారాల్లో మా చర్చి వెనక గదిలో శాంతయ్య కాలేజీ పిల్లలను యువజన సేవకు తయారుచేసేవాడు. పల్లె పిల్లలను ఎలా పోగుచెయ్యాలో, ఆటలో తగువు వస్తే ఎలా తీర్చాలో, పాట ఎక్కడ అందుకోవాలో నేర్పేవాడు. ఒక మాట మాత్రం మళ్ళీ మళ్ళీ చెప్పేవాడు. కథను ఒక్క రోజులో ముగించకూడదు. పిల్లలు ఊపిరి బిగబట్టే చోట ఆపితే మరునాడు వాళ్ళే పరుగెత్తుకొస్తారు. కానీ ఆపినవాడు మరునాడు వచ్చి తీరాలి. రాకపోతే ఆ పల్లెలో మళ్ళీ ఎవరూ నమ్మరు.

వాడు నా ముందే సాధన చేసేవాడు. అన్నలు గుంటలోకి తోసి, పరాయి దేశానికి అమ్మేసిన తమ్ముడి కథ. "ముసిలి తండ్రి వాకిట్లో ఎదురుచూస్తా ఉండాడు," అని ఒక రాత్రి బొమ్మలు ఎత్తేశాడు.

"తర్వాత?"

"రేపు."

కూడబలుక్కుంటూ నా అంతట నేను చదవడం నేర్చుకున్నది ఆ కథ ఉన్న బైబిలులోనే. కొడుకు దొరుకుతాడని తెలుసు. అయినా నాకు నిద్ర పట్టలేదు.

సోమవారం బస్సు దగ్గరికి వాడి జతగాడు సుందరరాజు వచ్చాడు. ఇద్దరూ కలిసే తిరగాలన్నది శాంతయ్య పెట్టిన ఇంకో నియమం.

"అయ్యా, మబ్బు చూస్తే దిగులుగా ఉండాది. వచ్చే వారం పంపరాదా?" అని సాగనంపడానికి వచ్చిన శాంతయ్యను అడిగాను.

"నవంబరులో మబ్బు లేకుండా ఉంటాదా అవ్వా? ఈ వారం బాగా చేసినాడంటే చిత్తూరులో పిల్లోళ్ళ పని మొత్తం వీడి చేతికే."

నేను రాజారత్నం వైపు తిరిగాను. "పిల్లోళ్ళ కూటం అయినా కాకపోయినా శనివారానికి వచ్చేయ్ నాయనా."

"కూటం కాగానే వస్తా," అన్నాడు. వాడు అన్నది అంతే.

బుధవారం వాన మొదలైంది. మరునాటికి తిరుమల కొండ మీది నుంచి నీళ్ళు తెల్లటి చారలుగా దిగాయి. కాకులు కూడా అరవడం మానేశాయి. శుక్రవారం తడుస్తూనే శాంతయ్య ఇంటికి వెళ్ళాను.

"వాళ్ళను పిలిపించండయ్యా."

"ఏరు పొంగితే వాళ్ళకు తెలీదా అవ్వా? సదువుకున్న పిల్లోళ్ళు."

తర్వాత జరిగింది సుందరరాజు చెప్పాడు. వాళ్ళ బస ఏటికి ఇవతల, ఒక బడిపంతులు ఇంట్లో. రోజూ సాయంత్రం దాటి, కూటం కాగానే తిరిగి వచ్చేవారు. శుక్రవారం నీళ్ళు నడుము దాకా వచ్చాయి. ఆ రోజు రాజారత్నం కథను ముసలి తండ్రి దగ్గర ఆపాడు. శనివారం సుందరరాజుకు జ్వరం.

"ఈ వానలో పిల్లోళ్ళు యాడొస్తారురా? పండుకో," అన్నాడట సుందరరాజు.

"సగంలో ఆపినా గదరా. వాళ్ళొస్తారు."

"ఒక్కడే పోకూడదని శాంతయ్యన్న చెప్పలా?"

"చెప్పిన రోజు రావాలని కూడా చెప్పినాడు."

బొమ్మల కట్ట తలకు కట్టుకుని వాడు ఏటిలోకి దిగాడు.

ఆ సాయంత్రం అవతల పల్లెలో ఒక్క పిల్లవాడు కూడా కూటానికి రాలేదు. ఈ వానలో సారు యాడొస్తాడులే అని పెద్దవాళ్ళు వాళ్ళను గడప దాటనివ్వలేదు.

సుందరరాజు సంచి తెచ్చి నా ముందు పెట్టాడు. ఊరగాయ సీసా సగం అయిపోయి ఉంది. ఏరు తగ్గాక బొమ్మల కట్ట ఒక తుమ్మకంపకు తగులుకుని దొరికింది. నేను కట్టినట్టే వాడు కట్టిన ముడి అలాగే ఉంది. విప్పి చూశాను. తండ్రి కొడుకును కావలించుకునే ఆఖరి బొమ్మ కూడా తడవలేదు.

నా మనుమడు రాజారత్నం తిరిగి రాలేదు. అది 1979 నవంబరు పదిహేడు, శనివారం.