హైమ చెప్పిన మాట

బస్సు పులికాట్ సరస్సు మధ్య రోడ్డు మీద పోతూనే ఉంది, రెండు పక్కలా నీళ్ళు, ఆ నీళ్ళ మీద ఆస్పత్రి మంచాలు తెల్లగా తేలుతున్నాయి, వకుళకు అదేమీ వింతగా లేదు, ఎందుకంటే పక్క సీట్లో ఆమె స్నేహితురాలు హైమ, పోయి ఏడాది కావస్తున్న హైమ, డబ్బా మూత తీసి పులిహోర తింటోంది. సెలవుల్లో ఇద్దరూ కలిసి రాకెట్ కేంద్రం చూడాలని చదువుకునే రోజుల నుంచీ అనుకున్నారు. బతికుండగా కుదరలేదు, ఇప్పుడు కుదిరింది.

"హైమా, నీ కూతురు నన్ను నిలవనీయడం లేదే. అమ్మ ఆఖర్న నా గురించి ఏమన్నా చెప్పిందా పిన్నమ్మా అని ఒకటే అడుగుతా ఉంది. నోట్లో గొట్టం పెట్టుకుని నువ్వేం చెప్తావు? నేనేం చెప్పను దానికి?"

"చెప్తాలేవే. ముందు తిను. ఉప్పు తగ్గిందా?"

పోయినా ఈ మనిషి మారలేదు, అసలు సంగతి ఎత్తితే చాలు వంటింట్లోకి దూరిపోతుంది అని వకుళకు ఒళ్ళు మండుతుంది, ఆ వెంటనే ఏడుపొస్తుంది.

గేటు దగ్గర ఫోన్లు తీసేసుకుంటారు. హైమ గొంతు ఫోన్లో రికార్డు చేసి ఆమె కూతురు లహరికి వినిపిద్దామన్న ఆశ కూడా దాంతో పోతుంది. లోపల గది తర్వాత గది, ఎటు తిరిగినా ఫినాయిల్ వాసన, ముక్కుకు మాస్కు కట్టుకున్న గైడు ఏవేవో యంత్రాలు చూపిస్తూ నడుస్తున్నాడు, వకుళ తల తిప్పేసరికి హైమ అద్దానికి అవతల, చాలా దూరంలో, రాకెట్ కింద నిలబడి ఉంది, మైకులో అంకెలు వెనక్కి లెక్కపెడుతున్నారు.

"ఆపండి సార్, ఒక్క మాట అడిగేసి వస్తాను, మీకు దణ్ణం పెడతాను."

"ఇందాకైతే ఆపేవాళ్ళం మేడం. ఇప్పుడు లెక్క కంప్యూటర్ చేతిలోకి పోయింది. ఇంక చూస్తా ఉండటమే."

హైమ పోయిన రోజు ఐసీయూ బయట డాక్టరూ దాదాపు ఇదే అన్నాడు. వకుళ అద్దం మీద అరచేతులతో కొడుతుంది, చప్పుడు రాదు. అప్పుడు హైమ ఇటు తిరుగుతుంది, చెయ్యి తిప్పుకుంటూ, నవ్వుతూ, ఏదో చాలాసేపు చెబుతుంది, పెదవులు స్పష్టంగా కదులుతున్నాయి, ఒక్క ముక్కా వినబడదు, ఆమె చుట్టూ వెలుగు లేస్తుంది.

"వెలుగు ముందొస్తుంది మేడం, శబ్దం నింపాదిగా వస్తుంది. ఉండండి" అంటాడు గైడు.

వకుళ ఒళ్ళంతా చెవులు చేసుకుని ఉంటుంది. హైమ ఉన్న చోట పొగ మిగిలింది. శబ్దం వస్తోంది, వచ్చింది, అందులో మాట లేదు, ఉత్త ఉరుము.

కళ్ళు తెరిచేసరికి సూళ్ళూరుపేటలో తన ఇల్లు, మధ్యాహ్నపు కునుకు, అవతల ఎక్కడో నిజంగానే రాకెట్ లేచినట్టుంది, కిటికీ అద్దాలు గడగడ అదురుతున్నాయి. సెలవులకు వచ్చిన లహరి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తననే చూస్తోంది.

"పిన్నమ్మా, నిద్రలో అమ్మను పిలిచినావు. కనపడిందా? ఏమన్నా చెప్పిందా?"

వకుళ పెదవులు కదులుతాయి.

లహరి ఇంకా దగ్గరికి జరిగి చెవి ఒగ్గుతుంది. "అద్దాల మోతలో వినపడలా పిన్నమ్మా. మళ్ళా చెప్పు."